ముక్కుకి కాసిన యాపిల్: ఎలెన్ బియాలిస్టాక్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక వాక్యం చెబుతాను, వినండి. "యాపిల్స్ ముక్కుకి కాస్తాయి." ఇందులో వ్యాకరణం తప్పు ఏమైనా ఉందా?

కొందరు నవ్వుతున్నారు. నవ్వు రావాల్సిందే. కానీ నేను అడిగింది వ్యాకరణం సంగతి. అర్థం చూస్తే పిచ్చిమాట, వాక్యం మాత్రం శుభ్రంగా ఉంది. నవ్వు పక్కన పెట్టి ఆ మాట చెప్పడానికి మనకి ఒక్క క్షణం పట్టింది. అయిదారేళ్ల పిల్లలకి అది చాలా కష్టమైన పని. ఆ క్షణంలో బుర్రలో ఏం జరుగుతుందో పట్టుకోవడానికి ఒక శాస్త్రవేత్త నలభై ఏళ్లకు పైగా పనిచేశారు. ఆవిడ పేరు ఎలెన్ బియాలిస్టాక్. కెనడాలోని టొరంటోలో, యార్క్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఈరోజు ఆవిడ పని గురించి, ఆ పని మీద నడిచిన గొడవ గురించి మాట్లాడతాను. గొడవని దాటేసి చెబితే ఆవిడకి న్యాయం చేసినట్టు కాదు.

రెండు భాషల మనుషుల మీద పరిశోధన చెయ్యాలని ఆవిడ మొదట అనుకోలేదు. పిల్లలకి భాష ఎలా వస్తుంది, ఆలోచన ఎలా ఎదుగుతుంది అన్నది ఆవిడ చదువు. 1976లో పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ఉద్యోగాల కరువు. స్కూలు పిల్లలు రెండో భాష ఎలా నేర్చుకుంటారో చూసే ఒక ప్రాజెక్టులో చోటు దొరికింది. తన సబ్జెక్టు కాదు, కానీ దగ్గర్లోనే ఉంది కదా అని చేరారు. ఈ సంగతి ఒక ఇంటర్వ్యూలో ఆవిడే చెప్పారు. ఉద్యోగం కోసం పట్టుకున్న ప్రశ్న జీవితాంతం వదల్లేదు.

ఆ రోజుల్లో ఈ ప్రశ్న చుట్టూ ఎలాంటి నమ్మకాలు ఉండేవో కొంచెం చెప్పాలి. 1923లో వేల్స్‌లో డి. జె. సేర్ అనే ఆయన స్కూలు పిల్లలకి తెలివితేటల పరీక్షలు పెట్టి, పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకి మార్కులు తక్కువ వచ్చాయని రాశాడు. రెండు భాషల వల్ల బుర్రలో గందరగోళం పుడుతుందని ఆయన తేల్చాడు. ఆ తర్వాత వచ్చిన అలాంటి అధ్యయనాలు చాలావాటిలో పిల్లల ఇంటి ఆర్థిక పరిస్థితి ఏమిటి, పరీక్ష పెట్టిన భాష వాళ్లకి ఎంత వచ్చు అన్నది సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. పేద పిల్లవాడికి, తనకి సగమే వచ్చిన భాషలో పరీక్ష పెట్టి, మార్కులు తగ్గితే తప్పు వాడి రెండో భాషదన్నారు.

ఆ మాట ఎంత గట్టిగా పాతుకుపోయిందో నాకు అనుభవం. మా అమ్మాయి నర్సరీలో ఉండగా టీచర్ పిలిచి, పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతోంది, ఇంట్లో మీ భాష ఆపేసి ఇంగ్లీషులోనే మాట్లాడండి అన్నారు. కోపంతో కాదు, నిజంగా మంచి కోరే చెప్పారు. ఆర్నెల్ల పాటు మేము అలాగే చేశాం. ఆ ఆర్నెల్లూ మా అమ్మ తన మనవరాలితో దాదాపు మాట్లాడలేకపోయింది, ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి. ఆ కాలం ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. అప్పటికి ఈ పరిశోధనల్లో చాలా భాగం అచ్చయి ఉంది. నేను చదవలేదు, అంతే.

ఈ నమ్మకానికి మొదటి పెద్ద దెబ్బ 1962లో తగిలింది. మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేళ్ల పిల్లల్ని తీసుకుని, ఆర్థిక స్థితి సరిచూసి, ఫ్రెంచి ఒక్కటే వచ్చినవాళ్లనీ, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాళ్లనీ పోల్చారు. మాటలతో పనిలేని పరీక్షల్లో ఇద్దరూ సమానంగా ఉంటారని, మాటల పరీక్షల్లో రెండు భాషల పిల్లలు వెనకబడతారని వాళ్ల అంచనా. రెంటిలోనూ ఆ పిల్లలే ముందున్నారు. అయితే రెండు భాషలూ సమానంగా వచ్చినవాళ్లనే ఏరుకున్నారు కాబట్టి, చురుకైన పిల్లలే ఆ గుంపులోకి వచ్చారేమో అన్న అనుమానం మిగిలింది. మంచిదా చెడ్డదా అన్న వాదన ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఊగింది. లోపల ఏం జరుగుతోందన్నది అలాగే ఉండిపోయింది.

బియాలిస్టాక్ మొదలుపెట్టింది అక్కడే. ఇప్పుడు మళ్లీ యాపిల్ దగ్గరికి వద్దాం. 1980లలో ఆవిడ అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి కొన్ని వాక్యాలు వినిపించి, చెప్పిన తీరు సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే అడిగేవారు. అర్థం పిచ్చిగా ఉన్నా పర్వాలేదని ముందే చెప్పేవారు. అర్థం బాగుండి వ్యాకరణం తప్పిన వాక్యాలు కొన్ని ఉంటాయి. మన భాషలో అయితే "యాపిల్స్ చెట్టుకి కాస్తాడు" లాంటివి అనుకోండి. వీటిని పట్టుకోవడంలో ఒక భాష పిల్లలూ రెండు భాషల పిల్లలూ సమానమే. తేడా వచ్చింది ముక్కుకి కాసిన యాపిల్స్ దగ్గర. ఒక భాష పిల్లలు అది పిచ్చిమాట కాబట్టి తప్పు అనేశారు. రెండు భాషల పిల్లల్లో ఎక్కువమంది, మాట పిచ్చిదే గానీ చెప్పిన తీరు సరైనదే అనగలిగారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఆవిడ చూపు ఎంత పదునైనదో ఇక్కడే తెలుస్తుంది. రెండు భాషల పిల్లలకి వ్యాకరణం ఎక్కువ తెలుసు అనుకుంటే, తప్పు వాక్యాల్లోనూ వాళ్లే ముందుండాలి. లేరు. అంటే తేడా తెలిసినదాంట్లో లేదు. కళ్లముందు మెరుస్తూ పిలిచే అర్థాన్ని పక్కకి నెట్టి, అడిగిన దాని మీదే ధ్యాస నిలపడంలో ఉంది. భాష గురించి మొదలైన ప్రశ్న ధ్యాస గురించిన ప్రశ్నగా మారింది. ఆ తర్వాత ఆవిడ చేసిన పనంతా ఈ మలుపు నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ధ్యాసే అసలు సంగతైతే, మాటలతో సంబంధం లేని పనిలో కూడా అది కనిపించాలి కదా. 1999లో ఆవిడ అచ్చేసిన పరిశోధనలో చిన్నపిల్లల కార్డుల ఆట ఒకటుంది. ఎర్ర గుండ్రాలు, నీలం చదరాలు ఉన్న కార్డులు. ముందు రంగు ప్రకారం వేరుచెయ్యమంటారు, పిల్లలు చేసేస్తారు. తర్వాత అవే కార్డులు ఇచ్చి, ఇప్పుడు రంగు కాదు, ఆకారం ప్రకారం వెయ్యమంటారు. చిన్నపిల్లల్ని ఈ ఆట ఆడేటప్పుడు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొత్త రూల్ ఏమిటని అడిగితే నోటితో సరిగ్గా చెబుతారు. చెయ్యి మాత్రం పాత పెట్టెలోకే వెళ్తుంది. కాసేపటి క్రితం దాకా పనికొచ్చిన రంగు వాళ్లని వదలదు. చైనీస్, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలు ఈ మార్పుని ఒక భాష పిల్లలకంటే బాగా చేశారు.

ఎందుకలా అన్నదానికి ఒక వివరణ ఉంది. రెండు భాషలు వచ్చిన మనిషి ఒక భాషలో మాట్లాడుతుంటే, రెండోది స్విచ్ కట్టేసినట్టు ఆరిపోదు. ఆ సంగతి చాలా అందంగా చూపించింది బియాలిస్టాక్ కాదు, వియోరికా మరియన్, మైకేల్ స్పైవీ. రష్యన్, ఇంగ్లీషు వచ్చిన విద్యార్థుల ముందు బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టి, వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కెమెరాతో పట్టారు. పోస్టల్ స్టాంపుని జరపమని రష్యన్‌లో చెప్పారు. స్టాంపుని రష్యన్‌లో "మార్కా" అంటారు. పక్కనే ఒక మార్కర్ పెన్ను ఉంది. సంభాషణంతా రష్యన్‌లోనే, ఇంగ్లీషు ఊసే లేదు. అయినా "మార్" అన్న ధ్వని చెవిలో పడగానే కళ్లు ఒక్కసారి మార్కర్ పెన్ను వైపు వెళ్లొచ్చాయి. అడగని భాష కూడా లోపల మెలకువగానే ఉందన్నమాట. రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటే, సమయానికి సరైనదాన్ని ఎంచుకోవడం రోజూ, ప్రతి మాటకీ చెయ్యాల్సిన పని అవుతుంది. ఆ సాధన మిగతా పనుల్లోకీ పాకుతుందేమో అన్నది బియాలిస్టాక్ ఊహ.

పిల్లల దగ్గర నుంచి ఆవిడ పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లారు. జ్ఞాపకశక్తి పరిశోధనలో మహామహుల్లో ఒకరైన ఫెర్గస్ క్రెయిక్ తోడయ్యారు. వాళ్లు 2004లో అచ్చేసిన అధ్యయనంలో మనదేశం వాళ్లున్నారు. కెనడాలో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడేవాళ్లనీ, భారతదేశంలో తమిళం, ఇంగ్లీషు రెండూ వాడేవాళ్లనీ పోల్చారు. తెర మీద రంగు చదరం వస్తుంది. రంగుని బట్టి కుడి మీటో ఎడమ మీటో నొక్కాలి. చదరం కుడివైపు వచ్చి ఎడమ మీట నొక్కాల్సి వస్తే చెయ్యి తడబడుతుంది. వయసుతో ఈ తడబాటు పెరుగుతుంది. రెండు భాషల పెద్దవాళ్లలో అది తక్కువగా ఉంది. ఇది ఆశ్చర్యపరిచిన ఫలితమే. కానీ ఆ మొదటి ప్రయోగంలో ఉన్నది మొత్తం 40 మంది. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆవిడ పేరు ప్రపంచమంతా పాకింది 2007లో. టొరంటోలో బేక్రెస్ట్ అనే వృద్ధుల ఆసుపత్రికి అనుబంధంగా మెమరీ క్లినిక్ ఉంది. అక్కడి న్యూరాలజిస్టు మోరిస్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి బియాలిస్టాక్, క్రెయిక్ 184 మంది డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) రోగుల రికార్డులు చూశారు. దాదాపు సగం మంది జీవితమంతా రెండు భాషలు వాడినవాళ్లు. మతిమరుపు లక్షణాలు మొదట ఎప్పుడు కనిపించాయో చూస్తే, ఒక భాష వాళ్లలో సగటున 71.4 ఏళ్లకి, రెండు భాషల వాళ్లలో 75.5 ఏళ్లకి. నాలుగేళ్ల తేడా. చదువు వల్ల వచ్చిందా అంటే, ఒక భాష వాళ్లే ఎక్కువ చదువుకున్నారు.

పేపర్లు దీన్ని "రెండు భాషలు వస్తే అల్జీమర్స్ రాదు" అని రాశాయి. బియాలిస్టాక్ ఆ మాట అనలేదు. జబ్బు రావడం ఆగదు, దాని లక్షణాలు బయటపడటం ఆలస్యమవుతుంది అన్నారు. ఈ తేడా చాలా పెద్దది. 2012లో టామ్ ష్వైజర్ బృందం 40 మంది రోగుల సీటీ స్కాన్లు తీసి పోల్చింది. పరీక్షల్లో రెండు గుంపుల రోగులూ ఒకే స్థాయిలో ఉన్నారు. స్కాన్లలో మాత్రం రెండు భాషల వాళ్ల మెదడు ఎక్కువ దెబ్బతిని ఉంది. అంటే జబ్బు వాళ్లలో అప్పటికే ముందుకెళ్లిపోయింది, అయినా వాళ్లు అంతే నెట్టుకొస్తున్నారు. దీన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. చెడు కాలానికి దాచుకున్న నిల్వ లాంటిది. చదువు, శ్రమపడి చేసే ఉద్యోగం, నలుగురితో కలిసి బతకడం కూడా ఇలాంటి నిల్వని పెంచుతాయని చెబుతారు.

టొరంటో ఫలితంలో ఒక చిక్కు ఉంది. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. వలస రావాలంటే ఆరోగ్యం, తెగువ కావాలి. తేడా భాషదా, వలసదా? దీనికి జవాబు హైదరాబాద్‌లో వెతికారు. నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకి చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు అచ్చేశారు. అందులో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వాడేవాళ్లు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు. వీళ్లు రెండో భాష నేర్చుకోవడానికి ఏ దేశమూ దాటలేదు. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, ఆఫీసులో ఒకటి. ఒక భాష వాళ్లకి జబ్బు సగటున 61.1 ఏళ్లకి మొదలైతే, వీళ్లకి 65.6 ఏళ్లకి. టొరంటోలో వచ్చినంత తేడానే ఇక్కడా వచ్చింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆ పేపర్లోని ఇంకో ఫలితం. అసలు బడి మొహం చూడని రోగుల్లో కూడా ఆ తేడా ఉంది. అక్షరం రాని మనిషి, సంతకం పెట్టలేని మనిషి, జీవితమంతా రెండు భాషల్లో బేరాలు, పలకరింపులు, పోట్లాటలు నడుపుకున్న మనిషి. ఆ మనిషిని మన సమాజం చదువులేనివాడు అంటుంది. అతని మెదడు మాత్రం రోజూ పనిచేసింది, ఆ పని లెక్కలోకి వచ్చింది. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మంది మీద ఇంకో అధ్యయనం ఇచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు ఒక భాష వాళ్లలో 19.6 శాతం, ఎక్కువ భాషల వాళ్లలో 40.5 శాతం. సువర్ణ అల్లాడి తర్వాత బెంగళూరులో మెదడు, మానసిక వైద్య సంస్థ అయిన నిమ్హాన్స్‌లో ఈ దిశలోనే పని సాగించారు.

ఇక గొడవ. పిల్లల్లో, యువకుల్లో రెండు భాషల లాభం అని వచ్చిన ఫలితాల్ని ఇతర ల్యాబుల వాళ్లు మళ్లీ చేసి చూస్తే, చాలాచోట్ల ఏమీ కనిపించలేదు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలోని కెనెత్ పాప్, తన సహచరుడితో కలిసి, ఇలాంటి లాభానికి పొందికైన ఆధారమే లేదని సూటిగా రాశారు. 2015లో ఏంజెలా డి బ్రౌన్ బృందం ఒక తెలివైన పని చేసింది. సదస్సుల్లో చదివిన పరిశోధనలు 104 తీసుకుని, వాటిలో ఏవి తర్వాత జర్నల్స్‌లో అచ్చయ్యాయో వెతికింది. లాభం ఉందన్నవి ఎక్కువగా అచ్చయ్యాయి. లేదన్నవాటిలో చాలా భాగం సొరుగుల్లోనే ఉండిపోయాయి. 2018లో 152 అధ్యయనాల్ని కలిపి లెక్కేసి, ఈ పక్షపాతాన్ని సరిచేసి చూస్తే, పెద్దవాళ్లలో లాభానికి ఆధారం మిగల్లేదు. 2019లో అమెరికాలో నాలుగున్నర వేల మంది పిల్లల్ని చూస్తే అక్కడా లేదు. 2004 ప్రయోగంలోని 40 మంది సంఖ్య గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. చిన్న గుంపుల్లో కొండంతగా కనిపించినవి పెద్ద గుంపుల్లో కరిగిపోవచ్చు.

డిమెన్షియా ఫలితాలకీ విమర్శలున్నాయి. క్లినిక్‌కి వచ్చిన రోగుల్ని వెనక్కి తిరిగి చూస్తే తేడా వస్తోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి వెంట ఉండి చూసిన అధ్యయనాల్లో చాలావాటిలో రావడం లేదు. 2014లో న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మంది వలసవాసుల్ని అలా చూసి, డిమెన్షియా వచ్చే అవకాశంలో తేడా లేదన్నారు. అదే ఏడాది థామస్ బాక్ స్కాట్లాండ్‌లో ఒక అరుదైన అవకాశాన్ని వాడుకున్నారు. 1947లో పదకొండేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష రాసిన ఎనిమిది వందలకు పైగా మందిని డెబ్భైల వయసులో మళ్లీ పరీక్షించారు. చిన్నప్పటి మార్కుల్ని లెక్కలోంచి తీసేసినా, ఇంకో భాష నేర్చుకున్నవాళ్లు ఊహించినదానికంటే బాగా చేశారు. తెలివైనవాళ్లే భాషలు నేర్చుకున్నారు అన్న వాదనకి ఇది గట్టి జవాబు. అయినా కథ ముగియలేదు.

నా అంచనా చెప్పమంటే చెబుతాను. యువకుల్లో మీటలు నొక్కే ఆటల్లో లాభం ఉందన్న మాటని నేను ఇప్పుడు నమ్మడం లేదు. ముసలితనంలో నిల్వ సంగతి మాత్రం నన్ను ఒప్పించింది, ముఖ్యంగా హైదరాబాద్ ఫలితం తర్వాత. బియాలిస్టాక్ కూడా మొదటి మాట దగ్గరే నిలబడిపోలేదు. అక్కర్లేని భాషని అణిచిపెట్టే శక్తి అన్న పాత వివరణ సరిపోవడం లేదని ఒప్పుకుని, ధ్యాసని అవసరాన్ని బట్టి నడుపుకోవడం అన్న వివరణ వైపు జరిగారు. 2022లో క్రెయిక్‌తో కలిసి రాసిన వ్యాసం దాని గురించే. తన పేరుతో ముడిపడిన సిద్ధాంతాన్ని తన చేత్తో దిద్దుకోవడం అంత తేలిక కాదు. ఆవిడకి 2010లో వచ్చిన కిల్లమ్ బహుమతి, ఆ తర్వాతి ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం కంటే ఈ దిద్దుబాటునే నేను ఎక్కువ గౌరవిస్తాను.

తల్లిదండ్రుల కోసం ఇంకో సంగతి. రెండు భాషల పిల్లలకి ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువ వస్తాయి. ఇది నిజం, దాచాల్సిన పని లేదు. బియాలిస్టాక్ బృందమే 2010లో మూడు నుంచి పదేళ్ల వయసున్న 1,738 మంది పిల్లల ఇంగ్లీషు మాటల్ని లెక్కగట్టి చూపించింది. కానీ వాళ్లు అక్కడితో ఆగకుండా, ఏ మాటలు తక్కువయ్యాయో విడదీసి చూశారు. తేడా వచ్చింది ఎక్కువగా ఇంటి మాటల్లో. వంటింటి సామాన్లు, ఇంట్లో చేసే పనులు, ఆ తరహావి. బడిలో, పాఠాల్లో వచ్చే మాటల్లో రెండు గుంపులూ దాదాపు సమానం. ఇంటి సామాన్ల పేర్లు ఆ పిల్లలకి తెలియక కాదు, ఆ పేర్లు వాళ్ల దగ్గర ఇంకో భాషలో ఉన్నాయి. అప్పట్లో మా అమ్మాయి గరిటెని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పలేకపోయింది. టీచర్‌కి అది లోటుగా కనిపించింది. గరిట అన్న మాట పిల్లకి వాళ్ల నానమ్మ ఇచ్చింది.

రెండు భాషలు వచ్చా రావా అన్న ప్రశ్నకి అవును, కాదు అని జవాబు రాయించడం తప్పని బియాలిస్టాక్, ఆవిడ శిష్యురాలు గీగీ లక్ 2013లో వాదించారు. ఎప్పుడు నేర్చుకున్నారు, ఎంత వచ్చు, ఎవరితో ఎంత వాడతారు అన్నవి మనిషి మనిషికీ మారతాయి. ఒక గీత గీసి ఇటు కొందరిని, అటు కొందరిని నిలబెట్టినందువల్లే ఇన్ని ల్యాబుల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదేమో. అందుకే ఆవిడ బృందం ఒక పొడుగాటి ప్రశ్నపత్రం తయారుచేసింది. ఈ రంగంలో ఇప్పుడు చాలామంది దాన్ని వాడుతున్నారు. అందులో అడిగేవి మన రోజువారీ సంగతులే, మీరూ మనసులో జవాబు చెప్పుకోండి. చిన్నప్పుడు మీ అమ్మానాన్నలతో ఏ భాషలో మాట్లాడేవారు? తాతయ్య, నానమ్మలతో? స్నేహితులకి మెసేజ్ ఏ భాషలో పెడతారు? దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఏ భాష వస్తుంది?